నేను ఖాళీగా లేను

మార్చి 1

నాలుగున్నరకే మెలకువ వచ్చింది. అలారం పెట్టలేదు, అయినా వచ్చింది. పని నిన్నటితో అయిపోయిందని ఈ ఒంటికి ఎవరు చెప్పాలి? పంతం కొద్దీ లేవలేదు. నడుము పట్టేసేదాకా అలాగే పడుకున్నాను. పక్కన ఆయన గురక. బాగా పొద్దెక్కాక లేచి, చొక్కా తొడుక్కుని, పేపరు చంకలో పెట్టుకుని టీ హోటల్‌కి పోయాడు. రోజూ పోయినట్టే. నేను ఇంట్లో ఉన్నానని కూడా గమనించలేదు. చీకటితో లేచి మాల్‌లో నేల తుడవడానికి పోయే మనిషి మంచం మీద ఉంటే దుప్పటి అనుకున్నాడేమో.

నిన్న సూపర్వైజరు కేకు కోయించాడు. "హాన్ అక్కా, ఇంక నీకు రెస్టే రెస్టు" అన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "పోయేముందు ఆ మూడో అంతస్తు బాత్రూమ్ ఒక్కసారి చూసి పో" అన్నాడు. చూడలేదు. చెయ్యి ఊపి వచ్చేశాను.

సాయంత్రం కొడుకు, కోడలు భోజనానికి వచ్చారు. కిన్‌లోక్ చేప పొట్ట దగ్గరి మెత్తటి ముక్క తీసి నా గిన్నెలో పెట్టాడు. అప్పుడే అనుకున్నాను, ఏదో ఉందని. వీడు చిన్నప్పటినుంచీ అంతే. వరం అడిగే ముందు నైవేద్యం పెడతాడు.

"అమ్మా, సోమవారం నుంచి యన్‌యన్‌ని బడి నుంచి నువ్వు తీసుకొచ్చేసెయ్. పనమ్మాయి పెళ్లి చేసుకోడానికి జావా వెళ్లిపోయింది కదా. కొత్తమ్మాయిని పెట్టుకుందాం అనుకున్నాం గానీ, ఎందుకు, నువ్వెలాగూ ఖాళీయే కదా."

మనవరాలిని చూస్తావా అని అడగడం కాదది. బస్సు రూటు మారిందని చెప్పినట్టు చెప్పాడు.

"నేను ఖాళీగా లేను" అన్నాను.

"రిటైరయ్యావు కదమ్మా!"

"అందుకే. పని పడింది."

"ఏం పని?"

"తాన్."

ఆయన నోట్లో అన్నం పొలమారింది. ఆ మాట నా నోట ఈ ఇంట్లో ఎవరూ విని ఉండరు. అది ఆయన మాట. "వెళ్లి కాస్త తాన్ చేసొస్తా" అని రోజూ ఆయన గడప దాటుతాడు. టీ ముందు కూర్చోవడం, లోకాన్ని దాని మానాన పోనివ్వడం, ఉన్న కాస్త సుఖాన్నీ నాలుక మీద నానబెట్టుకోవడం. అదీ తాన్ అంటే. మా వీధిలో మగవాళ్లందరికీ వచ్చు. ఆడవాళ్లకి వాళ్ల చొక్కాలు ఉతకడం వచ్చు.

కిన్‌లోక్ నవ్వాడు. ఆయన దగ్గుతూనే నవ్వాడు. కోడలు మన్‌సీ నవ్వలేదు. ఫోన్‌లో ఆఫీసు వాళ్లకి ఏదో రాస్తోంది, వినలేదు.

ఆయనకి నీళ్లు అందించలేదు. కుండ ఎక్కడుందో ఆయనకీ తెలుసు.

మార్చి 2

ఎవరూ ఫోన్ చెయ్యలేదు. హాయిగా ఉంది. చాలా హాయిగా ఉంది.

మార్చి 4

వెళ్లాను.

నీలం చొక్కా వేసుకున్నాను, తల దువ్వుకున్నాను, యూట్‌సింగ్ టీ హోటల్ మెట్లెక్కాను. ఇన్నేళ్లూ ఆ మెట్ల దగ్గర నిలబడి "ఏవయ్యా, తాళంచెవి ఇచ్చిపో" అని కేకేయడమే తప్ప పైకి ఎక్కింది పెళ్లిళ్లకే.

సర్వర్ లూక్ నన్ను చూసి అడక్కుండానే కిటికీ వైపు చెయ్యి చూపించాడు. "మీ ఆయన అక్కడున్నాడక్కా."

"ఉంటే ఉండనీ. నాకు బల్ల కావాలి."

"ఎంతమంది?"

"నేనొక్కదాన్నీ నీ కంటికి మనిషిలా ఆనట్లేదా?"

వంటింటి తలుపు పక్క చిన్న బల్ల ఇచ్చాడు. ఎవరూ కూర్చోరట అక్కడ, ఆవిరి కొడుతుందని. కూర్చున్నాకగానీ దాని గొప్ప తెలియలేదు. ఆవిరి బుట్టలు పేర్చిన బండి వంటింట్లోంచి బయటికి రాగానే మొదట ఆగేది నా దగ్గరే. కిటికీ దగ్గరి పెద్దమనుషులకి చేరేసరికి రొయ్యల కుడుములు చల్లారిపోతాయి. ఇన్నేళ్లూ వాళ్లు చల్లారిన కుడుములు తిని గొప్పలు చెప్పారన్నమాట.

ఆయన నన్ను చూశాడు. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన స్నేహితుడు బట్టతల చాన్ ఊరుకుంటాడా?

"ఒరే హోయ్! మీ ఆవిడొచ్చిందిరా! ఇంట్లో గ్యాస్ అయిపోయిందా ఏంటి?"

"గ్యాస్‌కేం కొదవ లేదు చాన్ గారూ. నలభై ఏళ్లుగా మీ బల్ల దగ్గర్నుంచే మోసుకొస్తున్నాడు ఈయన" అన్నాను.

బండి తోసే క్వై అక్క ఎంత గట్టిగా నవ్విందంటే బుట్ట మూత జారి నేల మీద దొర్లింది.

అందరూ చేసినట్టే కప్పు, గిన్నె వేడి టీతో కడిగాను. పోలే టీ, నల్లగా, చిక్కగా. ముల్లంగి రొట్టె ఒకటి, కుడుములు ఒక బుట్ట. కూర్చుని తిన్నాను. ఫ్యాక్టరీలో నిలబడి తిన్నాను, ఆస్పత్రి వంటింట్లో నడుస్తూ తిన్నాను, మాల్‌లో చీపుర్ల గదిలో బకెట్ బోర్లించుకుని తిన్నాను. ఇక్కడ వీపుకి ఆనుకోడానికి కుర్చీ ఉంది. మొదట్లో ఆనుకోవడం రాలేదు. అంచు మీదే కూర్చున్నాను, ఎవరో లేపేస్తారన్నట్టు. సగం టీ అయ్యాక ఆనుకున్నాను.

ఫోన్ మోగింది. కిన్‌లోక్. తియ్యలేదు. కిటికీ దగ్గర ఆయన ఫోనూ మోగింది. ఆయనా తియ్యలేదు. ఆ ఒక్క విషయంలో మా జాతకాలు కలిశాయి.

మన్‌సీ సగం రోజు సెలవు పెట్టి పిల్లని తెచ్చుకుందని తర్వాత తెలిసింది.

మార్చి 5

పొద్దున్న టీ. తర్వాత మార్కెట్. బడి పక్క సందులో టోఫు చాలా మెత్తగా ఉంటుంది, కొంచెం చుట్టు తిరుగుడైనా అటే వెళ్లి తెచ్చుకున్నాను.

మార్చి 6

టోఫు.

మార్చి 7

సాయంత్రం మన్‌సీ ఒక్కతే వచ్చింది. గడప దగ్గరే నిలబడింది, చెప్పులు విప్పలేదు. విప్పితే కాళ్లు మళ్లీ పట్టవేమో. అంత వాచి ఉన్నాయి.

"అత్తయ్యా, మీతో కొంచెం మాట్లాడాలి."

"కూర్చుని మాట్లాడు."

"టైమ్ లేదు. మీకు నా మీద ఏమన్నా కోపమా?"

"లేదు."

"మరి మేం ఏం తప్పు చేశాం? యన్‌యన్ బడి మధ్యాహ్నానికే అయిపోతుంది. తర్వాత బొమ్మల క్లాసు, పియానో, బుధవారం ఇంటర్వ్యూ క్లాసు. ఈ ఏడు ఆ పెద్ద స్కూల్లో సీటు రాకపోతే ఇంకంతే. పక్కింటి వాళ్లమ్మ ముగ్గుర్ని చూసుకుంటోంది అత్తయ్యా, డెబ్భై రెండేళ్లావిడ!"

"ఆవిడకి ఇష్టమేమో."

"ఎవరికిష్టం? నాకు మాత్రం ఇష్టమా, పొద్దున్న లేచి…" ఫోన్ మోగింది. తీసింది, "పంపిస్తున్నాను సార్, ఐదు నిమిషాలు" అంది, పెట్టేసింది. ఏం అనబోయిందో మరిచిపోయినట్టు నా వంక చూసింది. "మీరు మీ స్వార్థం చూసుకుంటున్నారు" అంది. కోపంగా కూడా కాదు, లెక్క తేలినట్టు.

"అవును" అన్నాను. "పదమూడేళ్లకి పనిలోకి దిగినప్పుడే మొదలెట్టాల్సింది. ఆలస్యమైంది."

"మరి పిల్లనెవరు చూస్తారు?"

"దానికి తాత లేడా?"

సోఫాలో ఆయన గుర్రప్పందేల పేజీ చూస్తున్నాడు. ఆ పేజీ ఎంతసేపటికీ తిరగలేదు.

మార్చి 8

"నాకు పిల్లల్ని చూడ్డం రాదు" అన్నాడు ఆయన.

"నాకూ రాదు, కిన్‌లోక్ పుట్టినప్పుడు" అన్నాను.

మార్చి 12

ఆయనే తీసుకొస్తున్నాడు. నిన్న యన్‌యన్‌కి జడ వేశాడట, కూరగాయల కట్టకి వచ్చే రబ్బరుబ్యాండుతో. మన్‌సీ ఫోన్‌లో ఫోటో పంపింది. ఒక పిలక నెత్తి మీద, ఒకటి చెవి దగ్గర. నేను నవ్వలేదు. ఫోటో దాచుకున్నాను, ఎప్పుడైనా ఆయనతో తగువైతే చూపించడానికి.

వంటింట్లోంచి రోజూ కేకలు. "పాలు ఎక్కడ?" "దాని చిన్న చెంచా ఏది?" "సౌహాన్, జావలో ఉప్పు ఎంత?" నేను బదులు చెప్పను. నాకెవరు చెప్పారు? వెతికితే దొరుకుతాయి. వండగా వండగా ఉప్పు తెలుస్తుంది.

ఇవాళ టీ హోటల్లో బట్టతల చాన్ మళ్లీ మొదలెట్టాడు. "ఏమ్మా, మావాణ్ణి ఆయాని చేశావంట కదా. కాస్త జాలి చూపించు, మగాడు!"

"నీకంత జాలిగా ఉంటే నువ్వూ వెళ్లి ఓ చెయ్యి వెయ్యి. ఆ పిల్ల ఏమీ అనదు, బట్టతల మీద బొమ్మలేసుకుంటుంది."

హాలంతా నవ్వింది. చాన్ కూడా నవ్వాడు, పాపం. మంచివాడే. మంచివాళ్లు కానివాళ్లెవరు అక్కడ? అందరూ మంచివాళ్లే, అందరి చొక్కాలూ ఇస్త్రీవే. అవి ఎవరు చేశారో అడిగితేనే ముఖాలు మాడతాయి.

మార్చి 13

క్వై అక్క విరామంలో నా బల్ల దగ్గర కూర్చుంది. పాదాలు బూట్లలోంచి తీసి ఒకదాని మీద ఒకటి రుద్దుకుంటోంది.

"నీ ధైర్యం నాకు లేదే. నాకింకా ఇద్దరు మనవళ్ల ఫీజులు" అంది. తర్వాత అంది: "తాన్ అంటే నిట్టూర్పు కూడా కదూ?"

అవును. రాసేటప్పుడు అక్షరం ఒకటే. కష్టానికి ఊపిరి వదిలినా అదే, సుఖానికి ఊపిరి పీల్చినా అదే. మా అమ్మ మొదటిది మాత్రమే చేసి పోయింది. నేనూ నిన్నమొన్నటిదాకా దాన్నే చేశాను. ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేటప్పుడు మా వరసలో నా అంత వేగం ఎవరికీ లేదు. "నీ చేతులకి మోటార్లు ఉన్నాయా?" అనేది మేస్త్రీ. గర్వంగా ఉండేది. ఇప్పుడు ఆ చేతులు కప్పు ఎత్తితే వణుకుతాయి. ఆ మేస్త్రీకి తెలుసా? ఆ కాలర్లు తొడుక్కున్నవాళ్లకి తెలుసా?

ఆ రోజుల్లో ఆదివారం ఆయన కిటికీ బల్ల దగ్గర కూర్చునేవాడు. నేను కిన్‌లోక్‌ని వీపున కట్టుకుని బట్టలు ఉతికేదాన్ని. ఆయన చెడ్డవాడు కాదు. వచ్చేటప్పుడు ఒక పంది మాంసం బన్ను కాగితంలో చుట్టి తెచ్చేవాడు. చల్లగా ఉండేది.

ఇది ఏడుపు కాదు. లెక్క చెప్పుకుంటున్నాను, అంతే.

మార్చి 15

బడి వదిలే వేళకి టోఫు కొట్టు దగ్గర రద్దీగా ఉంటుంది, అయినా తాజా పెట్టె అప్పుడే తెరుస్తారు. అందుకని ఆ వేళకే వెళ్లడం.

యన్‌యన్ సంచీ దానికంటే పెద్దదిగా ఉంది. ఆయన మొయ్యడం లేదు. మోస్తే ఏం?

మార్చి 18

ఆయన మోస్తున్నాడు.

మార్చి 20

ఆ పిల్ల ఇవాళ నన్ను చూసిందేమో. ఎండుచేపల కొట్టు వెనక్కి జరిగాను. చూసి ఉండదు. చూసినా ఏం? వీధి అందరిదీ.

రేపటినుంచి టోఫు మానేస్తాను. కడుపు ఉబ్బరంగా ఉంటోంది.

మార్చి 21

ఇది రాయాలి. రాయకపోతే వాళ్లు చెప్పిందే నాకూ గుర్తుండిపోతుంది.

టోఫుకి వెళ్లలేదు. టీ హోటల్లోనే ఉండిపోయాను, మధ్యాహ్నం దాటినా. చామదుంప వడ తింటున్నాను. మెట్ల మీద ఎవరో పడిపోతున్నట్టు చప్పుడైంది. ఆయన. ఒక కాలికే చెప్పు ఉంది.

"సౌహాన్. పిల్ల లేదు."

"లేదంటే?"

"పార్కులో కూర్చున్నాం. ఉయ్యాల ఊగుతోంది. కన్ను మూతపడింది నాకు. ఒక్క నిమిషమే. తెరిచేసరికి ఉయ్యాల ఉంది, పిల్ల లేదు."

నేను పరిగెత్తాను. మోకాళ్లు ఉన్నాయన్న సంగతే మరిచిపోయాను. పార్కు, జారుడుబల్లల వెనక, సముద్రం ఒడ్డు రెయిలింగులు. రెయిలింగుల దగ్గర ఆగి కిందికి చూడ్డానికి ధైర్యం చాలలేదు. చూశాను. నీళ్లు మాత్రమే. ఆయన వెనకాల "యన్‌యన్, యన్‌యన్" అని అరుస్తూ, ఏడుస్తూ. ఆయన ఏడవడం మా మామగారు పోయినప్పుడు కూడా చూడలేదు. చాన్, లూక్, మిగతా ముసలాళ్లంతా టీ వదిలేసి తలో వీధిలో పడ్డారు. కిన్‌లోక్‌కి ఫోన్ చేశాం, పోలీసులకి చెప్పాం.

నా కాళ్లు నన్ను ఎటు తీసుకెళ్లాయో చెప్పక్కర్లేదు.

బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఉంది, గడ్డం నిండా బెల్లం పాకంతో. చేతిలో తీపి టోఫు గిన్నె.

"నాయనమ్మా! లేటయ్యావు!"

దాని గడ్డం అరచేత్తో తుడిచాను.

"రోజూ ఇక్కడికే వస్తావు కదా. ఆ చేపల వెనక దాక్కుంటావు. ఇవాళ నువ్వు రాలేదు, నేనే వెతుక్కుందామని వచ్చేశా."

కొట్టు అతను తుండుతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "మీరెలాగూ వస్తారు కదండీ రోజూ, అందుకే కూర్చోబెట్టా."

మార్చి 22

ఏమీ లేదు.

మార్చి 24

ఆదివారం. అందరూ మా ఇంట్లో. యన్‌యన్ పక్క గదిలో టీవీ చూస్తోంది.

ముందే చెప్పుకుంటున్నాను: నేను ఓడిపోవడానికే కూర్చున్నాను ఇవాళ. పొద్దున్న టీకి వెళ్లలేదు. ఏప్రాన్ కట్టుకున్నాను. "సరే, రేపటినుంచి నేనే" అన్న మాట నాలుక చివర ఉంది.

కిన్‌లోక్ నిలబడి మొదలెట్టాడు. "ఇంకా ఏం జరగాలమ్మా? సముద్రం పక్కన పార్కు! ఆ దరిద్రపు టీ కోసం, ఆ నాలుగు కుడుముల కోసం… నువ్వు ఇంట్లో ఉండి ఉంటే ఇది జరిగేదా?"

మన్‌సీ గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది.

నేను నోరు తెరిచాను. అంతలో ఆయన అన్నాడు, "మీ అమ్మ మీద అరవకు."

"నాన్నా, నువ్వు—"

"పిల్ల తప్పిపోయింది నా చేతిలోంచి. మీ అమ్మ చేతిలోంచి కాదు. నిద్రపోయింది నేను. అరిస్తే నా మీద అరువు."

కిన్‌లోక్‌కి ఏం చెయ్యాలో తెలియలేదు. నాకూ తెలియలేదు.

"నేను నలభై ఏళ్లు టీ తాగాను" అన్నాడు ఆయన, నేల చూస్తూ. "ఒక్కడూ అడగలేదు, ఇంట్లో పిల్లాణ్ణి ఎవరు చూస్తున్నారని. నువ్వు రెండుసార్లు మెట్ల మీంచి పడ్డావు చిన్నప్పుడు. మీ అమ్మ ఫ్యాక్టరీ నుంచి పరిగెత్తుకొచ్చింది. నేను రాలేదు. ఎవడూ నన్ను అడగలేదు. ఇప్పుడు ఆవిడ మూడు వారాలు తాగేసరికి అందరికీ గుర్తొచ్చిందా? ఆవిణ్ణి తాగనీ. పిల్లని నేను చూస్తా. ఇంక నిద్రపోను. కాఫీ తాగుతా."

ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించాను.

"బుధవారం నేను తెస్తాను" అన్నాను. "బుధవారం ఒక్కటే. మీకు సాయంగా కాదు. నాకు కావాలి కాబట్టి."

ఇంత మాట అన్నంత మాత్రాన ఆయన పాత లెక్కలన్నీ చెల్లిపోలేదు. గిన్నెలు ఇవాళ కూడా నేనే కడిగాను. ఆయన తుడిచాడు. ఒకటి పగలగొట్టాడు.

మార్చి 25

వెళ్లాను. అదే బల్ల. చాన్ లేచి వచ్చి, నిలబడే, నా కప్పులో టీ పోశాడు. బల్ల మీద రెండు వేళ్లతో తట్టాను, థాంక్స్ అన్నట్టు. కిటికీ దగ్గర కుర్చీ ఒకటి ఖాళీ. ఆయన ఇప్పుడు పొద్దున్న పిల్లని బడిలో దించి, ఆలస్యంగా వస్తాడు. చల్లారిన కుడుములు కూడా మిగలడం లేదట.

ఏప్రిల్ 3

బుధవారం. వాన. యన్‌యన్‌ని ఇంటర్వ్యూ క్లాసుకి తీసుకెళ్లాను. గాజు తలుపులోంచి చూశాను. టై కట్టుకున్న పిల్లలు వరసగా కూర్చున్నారు. టీచరు అడుగుతోంది, "నీకు ఏమంటే ఇష్టం?" పిల్లలు నేర్చుకున్న జవాబు చెబుతున్నారు. యన్‌యన్ లేచి, "నాకు ఈత, పుస్తకాలు, ఇతరులకి సాయం చెయ్యడం ఇష్టం" అంది. దానికి ఈత రాదు.

తిరిగి వస్తుంటే అడిగాను, నిజంగా ఏమిష్టమని.

చాలాసేపు ఆలోచించింది. "టీచర్ ఇంకా చెప్పలేదు" అంది.

ఏప్రిల్ 10

తీసుకెళ్లలేదు. తెలిసే క్లాసుకి తీసుకెళ్లలేదు, ఎవరికి కావాలంటే వాళ్లకి చెబుతాను.

ఓడరేవు పక్క గట్టు మీద కూర్చున్నాం. కాళ్లు చాపుకుని. బత్తాయి ఒకటి, ఇద్దరికీ.

"ఇప్పుడేం చెయ్యాలి నాయనమ్మా?"

"ఏమీ చెయ్యక్కర్లేదు."

"ఎప్పటిదాకా?"

"విసుగొచ్చేదాకా."

"విసుగొచ్చాక?"

"ఇంకాసేపు."

కాసేపు కాళ్లు ఊపింది, కాసేపు నస పెట్టింది, తొక్క నీళ్లలోకి విసిరింది. తర్వాత నా ఒళ్లో తల పెట్టింది. నీళ్లలో తేలుతున్న ప్లాస్టిక్ సంచీని చూసి జెల్లీచేప అంది. జెల్లీచేపే అన్నాను. దానికి పేరు పెట్టింది, పెళ్లి చేసింది, ఇద్దరు పిల్లల్ని కూడా ఇచ్చింది. ఆ పిల్లల్ని ఎవరు చూసుకుంటారని అడిగాను. "వాళ్ల తాత" అంది, అందులో అడగడానికేముందన్నట్టు.

క్లాసు వాళ్లు మన్‌సీకి ఫోన్ చేసి ఉంటారు ఈపాటికి.

ఏప్రిల్ 11

చేశారు.

తొమ్మిదింటికి వచ్చింది, ఆఫీసు బట్టల్లోనే. ఎత్తు మడమల చెప్పులు టకటకమంటూ మెట్లెక్కి, హాలంతా ఒకసారి చూసి, తిన్నగా నా బల్లకి వచ్చింది. కిటికీ దగ్గర ఆయన లేవబోయాడు. వద్దని కళ్లతోనే చెప్పాను. ఇది మా ఇద్దరి మధ్య.

"అత్తయ్యా, నిన్న యన్‌యన్ క్లాసుకి రాలేదట."

"రాలేదు."

"ఎక్కడికి తీసుకెళ్లారు?"

"ఎక్కడికీ తీసుకెళ్లలేదు. కూర్చున్నాం. నిలబడి తగువాడితే మెడ నొప్పెడుతుంది నాకు, నువ్వూ కూర్చో."

కూర్చుంది, అంచు మీద. నేను ఒక గిన్నె, కప్పు వేడి టీతో కడిగి దాని ముందు పెట్టాను. టీ పోశాను.

"నాకొద్దు. తొమ్మిదిన్నరకి మీటింగ్. మీకర్థం కావట్లేదు, ఆ క్లాసు దొరకడానికి నేను నాలుగు నెలలు…" ఫోన్ బల్ల మీద బుర్రుమంది. చూసింది. "నాలుగు నెలలు వెయిటింగ్ లిస్టులో…" మళ్లీ బుర్రుమంది. "మీరు ఎవర్నడిగి…" మళ్లీ.

ఫోన్ వంక చూస్తూ ఉండిపోయింది. పురుగుని చూసినట్టు. తర్వాత దాన్ని బోర్లా పెట్టింది.

"పొద్దున్న ఏమైనా తిన్నావా?" అన్నాను.

"ట్రైన్‌లో… లేదు, నిన్న. నిన్న ట్రైన్‌లో బిస్కెట్లు."

కుడుముల బుట్ట ముందుకి జరిపాను. ఒకటి తీసుకుంది. వేడిది. నోరు కాలి కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఊదుకుంటూ తినేసింది. ఇంకోటి. నాతో తగువాడ్డానికి వచ్చిన సంగతి గుర్తొచ్చి ముఖం గంభీరంగా పెట్టుకోబోయింది, బుగ్గలో కుడుము ఉండగా. నేను కిటికీ వైపు చూశాను, దాని మర్యాద కోసం.

"యన్‌యన్ రాత్రి ఒకటే మాటలు" అంది కాసేపటికి. "జెల్లీచేప పెళ్లంట. పడుకునేదాకా అదే. నాకు కోపం తెచ్చుకోడానికి కూడా…" అరచెయ్యి గడ్డం కింద పెట్టుకుంది. "అత్తయ్యా, నేను కూడా మంచి అమ్మనే."

"ఎవరన్నారు కాదని?"

చూస్తే కళ్లు మూతపడ్డాయి. అలాగే, చెయ్యి మీద చెంప ఆనించి, నిద్రపోయింది. ఆ గోలలో, గిన్నెల చప్పుడులో, బండ్ల చక్రాల కీచులో.

లూక్ వచ్చాడు. "అక్కా, బయట జనం నిలబడున్నారు. ఆవిడ తినట్లేదు, తాగట్లేదు. లేపు."

"లేపను."

"రూలు ఉందక్కా, రద్దీ వేళ—"

"రూలు నాకు చెప్పకు. ఆ కిటికీ దగ్గర నలుగురు ఒక్క కప్పు పెట్టుకుని ఎన్నేళ్లు కూర్చున్నారు? వాళ్లకి ఎన్నిసార్లు చెప్పావు? ముందు వాళ్లని లేపు. తర్వాత నన్ను లేపు. దీన్ని లేపాలంటే నా మీంచి దాటి పో."

నా గొంతు పెద్దదై ఉంటుంది, నాకు తెలియకుండా. హాలంతా మా వైపు తిరిగింది. చాన్ ఏదో అనబోయాడు. ఆయన చాన్ చేతి మీద చెయ్యి వేశాడు. పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

యూట్‌సింగ్ కిటికీ బల్ల నోరు మూసుకుంది. ఆ హోటల్ కట్టాక ఇదే మొదటిసారి అనుకుంటాను. లూక్ తల గీరుకుంటూ వెళ్లిపోయాడు. క్వై అక్క తన బండి చక్రాలు చప్పుడు చెయ్యకుండా చేతులతో సగం ఎత్తి పట్టుకుని మా పక్కనుంచి పోయింది.

బోర్లా పడున్న ఫోన్ బుర్రుమంటూ బల్ల అంచుకి పాకుతోంది. తీసి నా చీపుర్లు పట్టిన చేతులతో గట్టిగా నొక్కాను. ఎక్కడ నొక్కానో తెలియదు, ఆగిపోయింది. ఒళ్లో పెట్టుకుని దాని మీద రుమాలు కప్పాను.

కూర్చున్నాను. టీ తాగాను. కుర్చీకి ఆనుకునే తాగాను.

మన్‌సీ ఉలిక్కిపడి లేచేసరికి జనం పలచబడ్డారు. చెంప మీద గడియారం పట్టీ అచ్చు. "టైమ్ ఎంత? అయ్యో, మీటింగ్! నన్నెందుకు లేపలేదు అత్తయ్యా?"

"ఎందుకు లేపాలి?"

ఫోన్ ఇచ్చాను. చూసుకుంది. ముఖం పాలిపోయింది. లేచి నిలబడింది, సంచీ భుజాన వేసుకుంది. ఏదో ఒకటి అంటుందని చూశాను. కిటికీ వైపు చూసింది, మామగారు చెయ్యి ఊపుతున్నాడు. నా వైపు చూసింది. ఫోన్‌లో రెండు ముక్కలు రాసి పంపింది. ఏం రాసిందో నేను అడగలేదు.

తర్వాత సంచీ దించింది. మళ్లీ కూర్చుంది. బల్ల కింద చెప్పులు రెండూ విప్పేసింది. వాచిన పాదాల కోసం పక్క కుర్చీ లాగి ఇచ్చాను. ఒక్క క్షణం సంకోచించింది, చాపింది.

వంటింటి తలుపు తెరుచుకుని, ఆవిరి మా ముఖాల మీద కొట్టింది. క్వై అక్క కొత్త బండితో వచ్చి ఆగింది. నన్ను కాదు, దాన్ని అడిగింది: "ఏం తింటావమ్మా?"

మన్‌సీ బండి వంక చూసింది. ఏమేం ఉన్నాయో చూపించమంది. క్వై అక్క ఒక్కో బుట్ట మూతా తీసింది. ఆవిరి లేచేది, మన్‌సీ తొంగి చూసేది, తల అడ్డంగా ఊపేది, ఇంకోటి తియ్యమనేది. పైవరస అంతా చూసింది. కిందివరస మొదలెట్టింది. వెనక ఎవరో బండి కోసం కేకేశారు.

"చూసుకో తల్లీ" అన్నాను. "అన్నీ చూసుకో."